అక్కయ్య రిపోర్టులో రెండు అంకెలు

కందిపొడిలో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో ఈవారం చెప్తానని పోయినవారం మాటిచ్చాను. అది వచ్చే సంచికలో తప్పకుండా. ఈవారం మాత్రం మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోనివ్వండి. మొన్న ఒక పెళ్ళిలో భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నావిడ వంగి, "మీ తోడికోడలికి క్రోమోజోముల్లో ఏదో లోపం ఉందటగా! పాపం, ఆ పిల్లకి సంబంధాలు ఎలా కుదురుతాయో!" అంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నలుగురిలో ఏం చెప్పను? ఆవిడకు అక్కడ చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి మాట పడ్డవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు.

మా అక్కయ్యంటే మా బావగారి భార్య. యాభై దాటాయి. తెనాలిలో ఉంటారు. 2022 శ్రావణమాసంలో, వరలక్ష్మీవ్రతం నాడు పొద్దున్నే మెడకి పసుపు రాసుకుంటుంటే దవడ కింద ఉసిరికాయంత బిళ్ళ చేతికి తగిలిందిట. నొప్పి లేదు, జ్వరం లేదు. పిప్పిపన్ను వల్ల బిళ్ళ కట్టిందనుకుని ఊరుకుంది. నొప్పి పెట్టని దాన్ని మనం పట్టించుకుంటామా! కార్తీకమాసం వచ్చేసరికి చంకలో ఇంకొకటి తేలింది. అప్పుడు భయం వేసి బావగారికి చెప్పింది.

ఒక డాక్టరుగారు సూదితో గడ్డలోంచి కాస్త తీసి పరీక్ష చేయించారు. ఏదో ఇన్ఫెక్షనుకి వాచినట్టుంది, ఫలానా అని తేలలేదు అని రిపోర్టు వచ్చింది. "మన దేశంలో మెడలో గడ్డలంటే ముందు టీబీయే" అని ఆరునెలల టీబీ మందులు మొదలుపెట్టారు. సంక్రాంతి నాటికి గడ్డ సగానికి సగం తగ్గింది. అత్తయ్యగారు ఆంజనేయస్వామికి వడమాల వేయించారు కూడా. తీరా వేసవి వచ్చి, మందుల కోర్సు అయిపోవస్తుండగా అదే గడ్డ నిమ్మకాయంత అయి కూర్చుంది.

ఆ డాక్టరుగారిని పూర్తిగా తప్పుపట్టను. మెడగడ్డల్లో టీబీవి మన దగ్గర నిజంగానే ఎక్కువ. కాని టీబీ అని ఎక్కడా రుజువు కాకుండానే ఆరునెలలు మందు మింగించడం మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. మరి మధ్యలో ఎందుకు తగ్గింది? మందు వల్ల కాదు. అక్కయ్యకు వచ్చిన జాతి జబ్బులో గడ్డలు వాటంతటవే కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ పెరుగుతుంటాయిట. తగ్గింది కదాని మోసపోయేది అక్కడే.

చివరికి గుంటూరులో ఒక సర్జన్‌గారు గడ్డను మొత్తంగా తీసి పరీక్షకు పంపించారు. సూది సరిపోదా అని నేనూ అడిగాను. సూదిలో వచ్చేవి విడివిడి కణాలు. జంతికల డబ్బా అడుగున మిగిలిన పొడి చూసి అవి జంతికలో చేగోడీలో ఏం చెప్తాం? ఆకారం చూడాలి కదా. లింఫు గ్రంథి కూడా అంతే, లోపల కణాలు ఏ వరసలో అమరి ఉన్నాయో చూడాలంటే గ్రంథి గ్రంథిలాగే కావాలి.

ఆ రిపోర్టులో మొదటిసారి 'లింఫోమా' అన్న మాట కనిపించింది. అదీ ప్రశ్నార్థకంతో. లింఫు గ్రంథుల కేన్సర్ అన్నమాట. హైదరాబాదు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి, "బ్లాకు తెచ్చారా?" అంది. మేము ముఖముఖాలు చూసుకున్నాం. బ్లాకంటే ఏమిటో తెలిస్తే కదా!

ఇది కాస్త శ్రద్ధగా వినండి. శరీరంలోంచి తీసిన ముక్కను ఫార్మలిన్లో ఉంచి, తరువాత కొవ్వొత్తి మైనంలాంటి దాంట్లో పోతపోస్తారు. తపాలా బిళ్ళ కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ అచ్చులో తెల్లటి మైనం, దాని మధ్య చిక్కుడుగింజంత ముక్క. అదే బ్లాకు. దాన్ని మిల్లీమీటరులో 250వ వంతు మందాన పొరలుగా కోసి గాజుపలక మీద పరిచి చూస్తారు. ఉల్లిపొర దీని ముందు దుప్పటికింద లెక్క. కాగితం రిపోర్టు ఒకరి అభిప్రాయం. బ్లాకు ఉంటే ఇంకొకరు మళ్ళీ చూడొచ్చు, కొత్త పరీక్షలు చేయొచ్చు. అందుకే ఊరు మారినా, ఆస్పత్రి మారినా బ్లాకులూ, గాజుపలకలూ అడిగి పట్టుకెళ్ళాలి. మాకు తెలియక అక్కయ్య కొడుకు ఆ రాత్రే బస్సెక్కి గుంటూరు పోయి తీసుకొచ్చాడు.

రెండోసారి చూశాక డాక్టరమ్మ చెప్పింది ఇది. గడ్డలో కణాలు గుండ్రటి గుంపులుగా కట్టి ఉన్నాయి. 'ఫాలిక్యులర్ లింఫోమా' అనే నెమ్మది రకంలా ఉంది. అయితే ఇన్ఫెక్షనుకు వాచిన గ్రంథిలోనూ ఇలాంటి గుంపులుంటాయి. రంగుల పరీక్షలు చేశారుగానీ అందులో ముఖ్యమైన రంగు సరిగా పట్టలేదు. కాబట్టి ఫిష్ టెస్టు చెయ్యాలి. ఎనిమిది వేలవుతుంది, పదిరోజులు పడుతుంది.

ఫోనులో ఈ మాట విన్న అత్తయ్యగారు "చేపలేమిటే, మనింటా వంటా లేదు!" అన్నారు. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. బావగారికి మాత్రం కోపం వచ్చింది. "ఏడాదినుంచి పరీక్షలే. కేన్సరని తెలిశాక ఇంకా పేరుతో పనేమిటి? మందు మొదలెట్టమనండి" అన్నారు. పెళ్ళికెదిగిన కూతురు, అప్పటికే అయిన ఖర్చు, ఆయన బాధ ఆయనది. అక్కయ్య నావైపు చూసింది. ఇంటర్లో బైపీసీ చదివానని నామీద వాళ్ళకో నమ్మకం. నిజం చెప్పొద్దూ, నాకు గుర్తున్నది బొద్దింక బొమ్మ ఒక్కటే. అందుకే డాక్టరమ్మనే అడిగాను, "అమ్మా, పేరు తెలిస్తే మందు మారుతుందా?" అని. ఆవిడ ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీసి చెప్పింది. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములుంటాయి, 23 జతలు. (1956 దాకా 48 అనుకునేవారట. స్వీడన్‌లో తియో, లెవాన్ అనే ఇద్దరు సరిగ్గా లెక్కపెట్టి 46 అని తేల్చారు.) వాటికి 1, 2, 3 అని నంబర్లు. ఒక్కో దానిమీద కణం ఏ పని ఎప్పుడు చెయ్యాలో చెప్పే జీన్లు వందల్లో ఉంటాయి.

రోగాలతో పోరాడే తెల్లకణాల్లో బి-కణాలని ఒక జాతి. యాంటీబాడీలు తయారుచేయడం వాటి పని. లోకంలో క్రిములు లక్షల రకాలు కాబట్టి వాటికి తగ్గట్టు రకరకాల యాంటీబాడీలు కావాలి. అందుకని ఈ కణాలు తమ క్రోమోజోముల్లోనే కొన్ని ముక్కలు కత్తిరించి, మార్చి మార్చి కుట్టుకుంటాయి. మిగతా కణాల్లో చాలావాటికి లేని పని ఇది. దర్జీ దగ్గర రోజంతా కత్తెర ఆడుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నా చీర అంచు మీ చీరకు కుట్టేయడూ? ఇక్కడా అంతే. ఒక క్రోమోజోము ముక్క తెగి ఇంకోదానికి అతుక్కుంటుంది, దాని ముక్క దీనికి.

యాంటీబాడీ జీన్లలో పెద్దది 14వ క్రోమోజోము మీద ఉంటుంది. బి-కణంలో దాని స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంటుంది. పొయ్యి ఎప్పుడూ పెద్దమంట మీదే ఉందనుకోండి. ఆ మంట పక్కకి ఎవరి గిన్నె వచ్చి పడితే అది పొంగుతుంది.

18వ క్రోమోజోము మీద బీసీఎల్-2 అనే జీను ఉంది. 'చావకు' అని కణానికి చెప్పడమే దాని పని. పాతబడిన కణాలు మర్యాదగా చచ్చిపోవాలి, లేకపోతే కొత్తవాటికి చోటేదీ? ఈ జీను 14వ దాని మంట పక్కకి చేరితే ఆ కణం చావనంటుంది. దాని పిల్లలూ చావవు. అలా చావని కణాలు గ్రంథిలో నెమ్మదిగా పోగుపడతాయి. ఫాలిక్యులర్ లింఫోమా ఇదే. ఈ జబ్బున్నవాళ్ళలో నూటికి సుమారు 85 మందిలో ఈ 14-18 మార్పిడి కనిపిస్తుంది.

ఇప్పుడు అదే మంట పక్కకి 8వ క్రోమోజోము మీది 'మిక్' అనే జీను వచ్చిందనుకోండి. దాని పని వేరు, 'పెరుగు, రెండుగా చీలు' అని కణాన్ని తరమడం. అప్పుడొచ్చేది బర్కిట్ లింఫోమా. దాని కణాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతాయి. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేస్తూ, పిల్లల దవడల్లో వాచే ఈ గడ్డల గురించి 1958లో రాశారు. పెద్దమంట ఒకటే, పక్కకొచ్చిన గిన్నె వేరు. మొదటిదానికి నెలలపాటు ఆగొచ్చు. రెండోదానికి ఆ వారంలోనే గట్టి మందు మొదలుపెట్టాలి, పెడితే చాలామందికి నయమవుతుంది కూడా. మా బావగారి ప్రశ్నకు జవాబు ఇది. "రెండూ లింఫోమాలే. కాని ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తే మనిషికి నష్టం" అంది డాక్టరమ్మ. బావగారు ఇంకేం మాట్లాడకుండా డబ్బు కట్టొచ్చారు.

ఈ మార్పిళ్ళు బయటపడ్డ కథ చదివితే నాకు ఎంత ముచ్చటేసిందో. అందులో ఆడవాళ్ళే ముందు కనిపిస్తారు. బర్కిట్ గడ్డల్లో 14వ క్రోమోజోము చివర ఏదో అదనంగా అతికి ఉందని 1972లో చూసింది స్వీడన్‌లో పనిచేస్తున్న మనోలోవ్ దంపతులు. ఆ అదనపు ముక్క 8వ దానిదని 1976లో తేల్చింది లోరె జెక్ అనే ఆవిడ బృందం. అమెరికాలో షికాగోకు చెందిన జానెట్ రౌలీ గారి సంగతి ఇంకా బావుంటుంది. నలుగురు మగపిల్లల తల్లి. డాక్టరు చదువు చదివి కూడా, పిల్లలు చిన్నవాళ్ళని చాలాఏళ్ళు వారానికి మూడురోజులే ఉద్యోగం చేశారు. క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద ఒక్కోటీ కత్తెరతో కత్తిరించి జతలు పేర్చేవారట. పిల్లలేమో అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని ఏడిపించేవాళ్ళు! ఆ బల్ల మీదే 1972లో ఆవిడకు రక్తకేన్సర్లలో క్రోమోజోములు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటున్నాయని తట్టింది. తరువాత మా అక్కయ్య రిపోర్టులోని 14-18 మార్పిడిని లింఫోమాలో గుర్తించినవారిలోనూ ఆవిడ ఉన్నారు. 2013లో పోయారు. మన భోజనాల బల్ల మీద ఇంతకంటే ఎక్కువ కూరలే తరిగాం, ఏం లాభం, అని మావారితో అంటే ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు కత్తెర అక్కర్లేదు, ఫిష్ టెస్టు ఉంది. మైనం బ్లాకులోంచి తీసిన పొర మీద మెరిసే రంగు అద్దుతారు. 14వ దాని మీది జీనుకు ఆకుపచ్చ, 18వ దాని మీది జీనుకు ఎరుపు. మామూలు కణంలో చీకట్లో రెండు ఆకుపచ్చ చుక్కలు, రెండు ఎర్రచుక్కలు విడివిడిగా మెరుస్తాయి. ముక్కలు మారిపోయి ఉంటే ఎరుపు ఆకుపచ్చ పక్కపక్కన చేరి పసుపుపచ్చగా కనిపిస్తాయి. అలా వరసగా చాలా కణాలు లెక్కపెడతారు. ముక్కను మొదట్లో ఫార్మలిన్లో సరిగ్గా ఉంచకపోతే ఈ రంగు అంటదు, పరీక్ష పాడవుతుంది. అదో జాగ్రత్త.

ఇలాంటి జతలు ఇంకా ఉన్నాయి. 11-14 అయితే మాంటిల్ సెల్ అనే రకం. 2-5 అయితే పిల్లల్లో, పడుచువాళ్ళలో ఎక్కువగా వచ్చే ఇంకో రకం. నాకు ఆశ్చర్యమనిపించింది కడుపులో వచ్చే ఒక లింఫోమా. అది పొట్టలో ఉండే ఒక క్రిమి వల్ల వస్తుంది, తొలిదశలో ఆ క్రిమిని చంపే యాంటీబయాటిక్ మాత్రలతోనే చాలామందికి తగ్గిపోతుందిట. కేన్సర్ మాత్రలతో తగ్గడం! కాని 11-18 మార్పిడి ఉంటే మాత్రం ఆ మాత్రలు సాధారణంగా పనిచేయవు, వేరే వైద్యం చూడాలి. గడ్డలో మిక్ మార్పిడి, బీసీఎల్-2 మార్పిడి రెండూ ఒకేసారి ఉంటే అది మొండి రకం, మామూలు కంటే గట్టి మందులు ఆలోచిస్తారు.

అలాగని అంకెలు చూసి మనమే జబ్బు పేరు పెట్టేసుకోకూడదు. చాలా సున్నితమైన పరీక్షలు చేస్తే ఏ జబ్బూ లేని ఎంతోమంది రక్తంలో కూడా ఈ 14-18 మార్పిడి ఉన్న కణాలు ఒకటీ అరా దొరుకుతాయిట. వాళ్ళకి లింఫోమా ఉన్నట్టు కాదు. ఈ మార్పిడి లేకుండా ఫాలిక్యులర్ లింఫోమా వచ్చేవాళ్ళూ ఉన్నారు. గడ్డ ఆకారం, రంగుల పరీక్షలు, ఈ అంకెలు, మనిషి పరిస్థితి, అన్నీ కలిపి చూసి చెప్పాల్సింది డాక్టరే.

పదోరోజున మాకు రిపోర్టొచ్చింది. 14, 18. ఫాలిక్యులర్ లింఫోమాయే, అందులోనూ నెమ్మది రకం. స్కానింగులో ఇంకో మూడు చోట్ల చిన్న గడ్డలున్నాయి. రక్తం బాగానే ఉంది, బరువు తగ్గలేదు. అప్పుడు డాక్టరమ్మ అన్న మాటకి అందరం బిత్తరపోయాం. "ప్రస్తుతానికి మందేమీ వద్దు. మూడునెలలకోసారి రండి" అంది. కేన్సరని చెప్పి మందు వద్దంటే ఎవరు నమ్ముతారు? బావగారు ఇంకో పెద్దాస్పత్రిలో, ఆ బ్లాకే పట్టుకెళ్ళి, మళ్ళీ అడిగొచ్చారు. వాళ్ళూ అదే చెప్పారు. ఈ రకం పూర్తిగా మాసిపోవడం కష్టంట, కాని ఏళ్ళతరబడి నెమ్మదిగా ఉంటుంది. ఇబ్బంది లేనివాళ్ళకి ముందే మందిచ్చినా ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు. గడ్డలు పెద్దవై బాధపెట్టినప్పుడో, రక్తం తగ్గినప్పుడో ఇవ్వడానికి మంచి మందులున్నాయి. ఈలోగా చూసుకోవాల్సినవి చెప్పారు: ఏ గడ్డయినా ఉన్నట్టుండి పెరగడం, కారణం లేని జ్వరం, రాత్రిళ్ళు జాకెట్టు తడిసిపోయేలా చెమటలు, బరువు తగ్గడం. వీటిలో ఏది కనిపించినా మూడునెలలు ఆగకుండా వెళ్ళాలి. ఎందుకంటే నెమ్మది రకం ఒక్కోసారి జోరు రకంగా మారుతుంది.

ఇక ఆ పెళ్ళివారావిడ ప్రశ్న. రిపోర్టులో 'క్రోమోజోముల మార్పు' అన్న మాట అక్కయ్య చెల్లెలు ఎక్కడో అనడం, అది ఊరంతా 'వంశంలో లోపం' అయిపోవడం వారంలో జరిగింది. బాపట్ల సంబంధం అప్పటికి మాటల్దాకా వచ్చింది, వాళ్ళు ఫోనెత్తడం మానేశారు. పిల్ల ఏమీ అనలేదుగానీ ఒకరోజు రాత్రి నాకు ఫోన్ చేసి, "పిన్నీ, నాలోనూ ఆ 14, 18 ఉంటాయా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడే డాక్టరమ్మను అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఈ ముక్కలు మారింది గడ్డకు మూలమైన బి-కణంలో, అదీ అక్కయ్య పుట్టిన ఎన్నో ఏళ్ళకి. అక్కయ్య చర్మంలోనో, గుండెలోనో, బిడ్డకి ప్రాణం పోసిన అండంలోనో ఆ మార్పు లేదు. అమ్మానాన్నల దగ్గర్నుంచి రాలేదు, పిల్లలకు పోదు. పిల్లకి ఏ పరీక్షా అక్కర్లేదు. లింఫోమా వచ్చినవారి దగ్గరి బంధువుల్లో ఆ జబ్బు మిగతావారికంటే కాస్త ఎక్కువగా కనిపిస్తుందన్న లెక్కలున్నాయిట, దాచలేదావిడ. కాని అసలే అరుదైన జబ్బు, ఆ కాస్త ఎక్కువన్నది కూడా చాలా తక్కువే. పుట్టుకతో కణకణంలోనూ ఉండే క్రోమోజోముల తేడాలు వేరు, అవి ఇవి కావు. పేరు ఒకటే కావడంతో వచ్చిన చిక్కు ఇది.

ఆ మాటలు అక్కయ్య కూతురికి ఫోనులో రెండుసార్లు చెప్పించుకున్నాను. తరువాత వచ్చిన సంబంధంవాళ్ళకి అక్కయ్య తానే ముందు చెప్పింది, దాచకుండా. దాచమని అత్తయ్యగారు ఎంత చెప్పినా వినలేదు. పెళ్ళికొడుకు తల్లి, స్కూల్లో టీచరు, సూటిగా అడిగింది, "పిల్లకి వస్తుందా?" అని. అక్కయ్య డాక్టరమ్మ ఫోన్ నంబరిచ్చి "మీరే అడగండి వదినగారూ" అంది. ఆవిడ అడిగింది. పెళ్ళి 2024 మాఘంలో అయింది.

అక్కయ్యకు ఇప్పటికీ మందు మొదలుపెట్టలేదు. మెడమీద ఒక గడ్డ ఉసిరికాయంత మళ్ళీ వచ్చి, మళ్ళీ తగ్గింది. ఆస్పత్రివాళ్ళు తిరిగిచ్చిన ఆ మైనం బ్లాకు, ఎండా వేడీ తగలకూడదన్నారని, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి పట్టుచీరల బీరువాలో దాచింది. మూడునెలలకోసారి హైదరాబాదు బయల్దేరేటప్పుడు తాళంచెవి బావగారికిచ్చి "డబ్బా మర్చిపోకండి" అంటుంది.